దయయు నేర్వదగిన విద్యయే



అనంతగిరి చెంతనున్న వికారాబాదు, నాపరాతికిని కందులకును పేరొందిన తాండూరు గల ఈ జిల్లా కర్ణాటక సరిహద్దును ఆనుకొని యున్నది. ఇచ్చటి బడులలో తెలుగు, ఉర్దూ, కన్నడము, లంబాడీ మాటలాడు ఇండ్ల బిడ్డలు కలిసి కూర్చుందురు. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు గల యీడున తోటివారి మాటయే పిల్లలకు వేదవాక్కు. యాసను వెక్కిరించిన ఒక్క నవ్వు ఒక బిడ్డను బడికే దూరము చేయవచ్చును.

2009 నాటి విద్యాహక్కు చట్టము దేహదండనను, మానసిక వేధింపును నిషేధించినది. అయినను చట్టము బెత్తమును ఆపగలదు గాని, తోటిపిల్లల నాలుకకు మెత్తదనము నేర్పజాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్న పది జీవన నైపుణ్యములలో పరుల బాధను గ్రహించుట యొకటి, పదిమందితో మెలగుట వేరొకటి. ఢిల్లీ ప్రభుత్వము 2018లో ఎనిమిదవ తరగతి వరకు ఇట్టి బోధనకై ప్రత్యేక పాఠ్యక్రమమునే ప్రవేశపెట్టెను.

ఉపన్యాసములతో దయ అబ్బదు, అలవాటుతో అబ్బును. జగడమాడిన ఇద్దరిలో ఎదుటివాడు చెప్పినదానిని తిరిగి చెప్పిన పిమ్మటనే బదులు పలుకవలెనని గురువు నియమము పెట్టవచ్చును. కొత్తగా చేరిన బిడ్డ ప్రక్కన వారమున కొకరిని కూర్చుండబెట్టవచ్చును. గ్రంథాలయమున కథ చదివించి, అందు ఓడినవాని మనసున ఏమున్నదో అడుగవచ్చును.

కాని ఇంటను, రచ్చబండకడను పెద్దలు కులము పేర దూషించుచుండగా బడిలో నేర్పిన దయ ఎన్నాళ్లు నిలుచును? పగలు బడిలో నేర్చిన పాఠము సాయంకాలము పెద్దల నోట చెరిగిపోకుండ చూచుట గ్రామము బాధ్యత.