గీతలు గీసిందెవరు? పేర్లు పెట్టిందెవరు?

(విశాఖపట్నంలో పోర్టు, ఉక్కు కార్మికుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



జిల్లాల గురించి మాట్లాడతామంటే మనవాళ్లే కొందరు నవ్వారు. కూలి గురించి, భూమి గురించి మాట్లాడ్డానికే టైము చాలడం లేదు, ఈ జిల్లాల పేర్లు మనకెందుకు అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబు 2022 మే 24న అమలాపురంలో దొరికింది. ఒక జిల్లా పేరుకి ముందు అంబేద్కర్ పేరు చేరుతుందని తెలిసి మంత్రి ఇల్లు తగలబెట్టారు. ఉత్త పేరే గదా అనుకునేవాళ్లు ఇళ్లు ఎందుకు కాలుస్తారు? పేరులో ఏముందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని ఈరోజు మనం కూడా తెలుసుకుందాం.

ముందు మన విశాఖ సంగతి. ‘జిల్లా’ అనేది అరబ్బీ నుంచి వచ్చిన మాట. పక్క, పార్శ్వం అని అర్థం. ఆ జిల్లా మీద కూర్చోబెట్టిన ‘కలెక్టరు’ ఇంగ్లీషు మాట. వసూలు చేసేవాడు అని అర్థం. రెండు మాటలూ కలిపి చదివితే జిల్లా ఎందుకు పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. ఫలానా చోట శిస్తు ఎవరు వసూలు చెయ్యాలి, ఎక్కడిదాకా చెయ్యాలి, ఆ గీతే జిల్లా. ప్రజలు ఎక్కడ ఎలా బతుకుతున్నారో చూసి గీసిన గీత కాదది.

నవాబుల కాలంలో ఈ తీరాన్ని సర్కార్లు అన్నారు. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్, ముర్తజానగర్, మొత్తం ఐదు. చివరి రెండూ కొండపల్లి, గుంటూరులే. రాజ్యం చేసేవాడు మారితే ఊరి పేరు మారడం కొత్త సంగతి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. 1765-66లో గుంటూరు తప్ప మిగతా సర్కార్లు ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం చేసి, విజయనగరం, బొబ్బిలి వంటి జమీందార్లకు ఊళ్లకు ఊళ్లు రాసిచ్చారు. సర్కారు చేతిలో మిగిలిన హవేలీ భూముల్ని ముక్కలు చేసి వేలం వేశారు. ఆ వేలంలో పాట పాడే తాహతు ఏ మాలపల్లెకుంది, ఏ మాదిగపేటకుంది, ఏ రెల్లివీధికుంది? ఆ పొలాల్లో నాగలి పట్టిందీ నాట్లేసిందీ మనవాళ్లే. కాగితం మీదికి మాత్రం మన పేరు ఎక్కలేదు.

కొండల సంగతి ఇంకో రకం. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలకు మామూలు కోర్టులూ చట్టాలూ వర్తించవని ఒక చట్టం చేశారు. కలెక్టరే అక్కడ గవర్నరుకి ఏజెంటు. ఆ ఏజెంటు ఏలిన చోటు కాబట్టి అది ‘ఏజెన్సీ’ అయింది. ఇప్పటికీ మనం పాడేరు బస్సెక్కుతూ ఏజెన్సీకి వెళ్తున్నాం అంటాం. మన్యం అనే సొంత పేరున్న నేలని దొరగారి ఉద్యోగం పేరుతో పిలుస్తున్నాం.

విశాఖపట్నం జిల్లా అప్పట్లో ఎంత పెద్దదో ఊహకి అందదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు జయపురం సంస్థానమంతా కోరాపుట్ జిల్లాగా అటు పోయింది. గంజాం జిల్లాలోని తెలుగు భాగాలు ఇటు వచ్చాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా విడిపోయింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా విడిపోయింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు ఒక జిల్లాకీ, అనకాపల్లి ఒక జిల్లాకీ కేంద్రాలయ్యాయి. అటు కొండలూ ఇటు పొలాలూ పోయి విశాఖపట్నానికి సముద్రం, ఓడరేవు, ఫ్యాక్టరీలు మిగిలాయి.

రాష్ట్రం మొత్తం లెక్క కూడా చెప్పుకుందాం. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి 11 జిల్లాలు. 1956లో తెలంగాణ 9 కలిసి 20. తరువాత ఒంగోలు, రంగారెడ్డి, విజయనగరం వచ్చి 23. 2014లో రాష్ట్రం చీలాక మనకి 13. 2022లో అవి 26. ఒక చమత్కారం చూడండి. కలెక్టర్లు 26 మంది అయ్యారు గానీ, 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు పాత 13 లెక్కనే నడిచాయి. అధికారిని పెంచడానికి ఒక్క జీవో చాలు. ప్రజలు ఎన్నుకున్న సభను పెంచడానికి మాత్రం తొందరేమీ లేదు.

ఈ గీతల కింద మనుషులు ఎలా నలిగారో తెలియాలంటే చింతూరు, కూనవరం వైపు కోయ పల్లెల్ని అడగాలి. ఆ ఊళ్లు 1959 దాకా తూర్పుగోదావరి జిల్లా. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో మళ్లీ తూర్పుగోదావరిలోకి తెచ్చారు. 2022లో అల్లూరి జిల్లాలో పెట్టారు. గుమ్మం దిగకుండానే ముసలమ్మ ముగ్గురు నలుగురు కలెక్టర్ల కిందికి మారింది. ఏ మార్పుకీ ఆమెను ఎవరూ అడగలేదు.

ఇక పేర్ల దగ్గరికి వద్దాం. పాతకాలంలో జిల్లాకి కలెక్టరు ఉండే ఊరి పేరే పెట్టేవారు. లేదా నది పేరు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు కట్టాక 1859లో రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాల్ని కలిపి, విడదీసి గోదావరి, కృష్ణా అన్నారు. నదికి కులం లేదు గాబట్టి తగువూ లేదు. నది నీళ్లకి మాత్రం కులముంది, అది వేరే తరగతిలో మాట్లాడుకుందాం.

మనిషి పేరు పెట్టడం మన రాష్ట్రంలో తరువాత వచ్చింది. 1970లో ఏర్పడ్డ ఒంగోలు జిల్లాని 1972లో ప్రకాశం జిల్లా అన్నారు. 1978లో కె.వి. రంగారెడ్డి పేరుతో రంగారెడ్డి జిల్లా వచ్చింది. 2008లో నెల్లూరుకి ముందు పొట్టి శ్రీరాములు పేరు చేరింది. 2010లో కడపకి వై.ఎస్.ఆర్. పేరు పెట్టారు. 2022లో అల్లూరి సీతారామరాజు, ఎన్.టి.ఆర్., అన్నమయ్య, సత్యసాయి పేర్లు వచ్చాయి. ఇందులో బ్రాహ్మడున్నాడు, కోమటున్నాడు, రెడ్డున్నాడు, కమ్మాయనున్నాడు, రాజున్నాడు. దళితుడు లేడు. ఆదివాసి లేడు. ఆడమనిషి ఒక్కతీ లేదు.

ఆ పెద్దలంటే మాకు పగ లేదు. పొట్టి శ్రీరాములు 1946లో నెల్లూరు వేణుగోపాలస్వామి గుడిలోకి మనవాళ్లని రానివ్వాలని నిరాహారదీక్ష పట్టినవాడు. ఆ సంగతి బళ్లో పిల్లలకి ఎంతమంది చెబుతున్నారో గానీ, మనం మర్చిపోం. అల్లూరి 1924 మే 7న ప్రాణమిచ్చాడు, కాదనేదెవరు? కానీ ఆయన వెంట ఉన్నది ఎవరు? గాం గంటందొర, గాం మల్లుదొర, ఊరూ పేరూ లేకుండా పోయిన వందలమంది మన్యం మనుషులు. ఆ మల్లుదొర అండమాన్ జైలుకెళ్లి వచ్చి, 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి ఎన్నికయ్యాడు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు, చేతులెత్తండి. ...ఐదారుగురు. మన తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. కొండ మీద ఉన్న జిల్లాకి కూడా మైదానం మనిషి పేరే గుర్తొచ్చింది.

ఇన్ని పేర్లు పెట్టారు గదా, పేరు పెట్టినందుకు ఎక్కడైనా ఒక్క ఇల్లు కాలిందా? నెల్లూరు పేరు మారితే నెల్లూరు ఆత్మగౌరవం పోయిందని ఎవరైనా బస్సు తగలబెట్టారా? లేదు.

కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. మే 18న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని మారుస్తామని, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పమని ప్రకటన ఇచ్చారు. 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టంలో పద్ధతి అదే. ప్రకటన రావడం, అభ్యంతరం ఉన్నవాడు కాగితం మీద రాసి ఇవ్వడం. ఆరు రోజులకి, మే 24న, వేలమంది రోడ్డెక్కారు. దళిత మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, మత్స్యకార కులం నుంచి వచ్చిన ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు తగలబెట్టారు. బస్సులు కాల్చారు, పోలీసుల్ని రాళ్లతో కొట్టారు.

ఏమిటయ్యా బాధంటే, కోనసీమ పేరు మా ప్రాణం అన్నారు. కోనసీమ పేరు తీసెయ్యలేదు గదా, వెనకాల అలాగే ఉంది గదా! పైగా ఆ జిల్లాకి ఆ పేరొచ్చి ప్రకటన నాటికి 44 రోజులు. అంతకుముందు తొంభై ఏళ్లకు పైగా అది తూర్పుగోదావరి. అప్పుడు ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ నేల నుంచే జి.ఎం.సి. బాలయోగి వెళ్లి 1998లో లోక్‌సభ స్పీకరు కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. ఢిల్లీలో కూర్చుంటే గర్వంగా చెప్పుకున్నారు. అంబేద్కర్ పేరు మాత్రం ఇంటి చిరునామాలో రాసుకోవాలి, పెళ్లి శుభలేఖ మీద వెయ్యాలి, పిల్లాడి సర్టిఫికెట్టులో ఉంటుంది. అక్కడ నొప్పి పుట్టింది. విగ్రహం పేటలో ఉంటే దాని చుట్టూ కంచె వేసి ఊరుకోవచ్చు. చిరునామాకి కంచె వెయ్యలేరు. అయినా 2022 జూన్‌లో మంత్రివర్గం ఆ పేరునే ఖాయం చేసింది. ఆ ఒక్కటీ నిలబడింది.

ఇది కోనసీమ జబ్బు మాత్రమే అనుకోవద్దు. మహారాష్ట్రలో 1978 జూలైలో మరాఠ్వాడా యూనివర్సిటీకి అంబేద్కర్ పేరు పెట్టాలని శాసనసభ తీర్మానం చేస్తే, ఊళ్లలో దళితవాడలు తగలబడ్డాయి, మనుషుల్ని చంపారు. పేరు రావడానికి 1994 జనవరి 14 దాకా, దగ్గర దగ్గర పదహారేళ్లు పట్టింది. అది కూడా ఉన్న పేరుకి ముందు చేర్చి, రాజీ మీద. తమిళనాడు కథ ఇంకా విచిత్రం. అక్కడ జిల్లాలకీ, బస్సు కార్పొరేషన్లకీ నాయకుల పేర్లే. చిదంబరనార్, కట్టబొమ్మన్, ముత్తురామలింగ తేవర్, అందరి పేర్లతోనూ తిరిగారు. 1997లో ఒక బస్సు కార్పొరేషన్‌కి, కట్టబొమ్మన్ సైన్యంలో పోరాడిన దళిత వీరుడు సుందరలింగం పేరు పెట్టారు. ఆ పేరున్న బస్సు మేం ఎక్కం అన్నారు. దక్షిణ జిల్లాల్లో గొడవలు రేగాయి. ప్రభుత్వం ఏం చేసింది? జిల్లాలకీ బస్సులకీ ఉన్న అందరి పేర్లూ ఒక్కసారే తీసేసింది! మావాడి పేరున్న పంక్తిలో నీవాడి పేరు కూర్చోకూడదు. కూర్చుంటానంటే పంక్తే ఎత్తేస్తాం. పెళ్లి భోజనాల దగ్గర మనం చూసిందే ఇది.

ఉత్తరప్రదేశ్‌లో 1995లో అంబేద్కర్ నగర్, 1997లో జ్యోతిబా ఫూలే నగర్, మహామాయా నగర్ జిల్లాలు వచ్చాయి. అంబేద్కర్ నగర్ నిలిచింది. మిగతా రెండూ 2012లో ప్రభుత్వం మారగానే అమ్రోహా, హాథ్రస్ అయిపోయాయి. పేరు రావడం వేరు, నిలబడడం వేరు.

మన ఉద్యమ చరిత్రని మనం జిల్లా పేర్లతో చెప్పుకోం, ఊరి పేర్లతో చెప్పుకుంటాం. కారంచేడు, 1985 జూలై 17, అప్పుడు ప్రకాశం జిల్లా. చుండూరు, 1991 ఆగస్టు 6, అప్పుడు గుంటూరు జిల్లా. 2022 గీతల్లో ఈ రెండూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. కారంచేడు నుంచి మనవాళ్లు పారిపోయి తలదాచుకున్న చీరాల కూడా అందులోనే. ఆ జిల్లా పేరు బాపట్ల. భావనారాయణస్వామి గుడి నుంచి వచ్చిన పేరంటారు. మన ఉత్తరాంధ్రలో లక్ష్మీపేట, 2012 జూన్ 12, మడ్డువలస రిజర్వాయరు భూమి కోసం ఐదుగురు దళితుల్ని చంపారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా. 2022లో వంగర మండలంతోపాటు విజయనగరం జిల్లాలోకి పోయింది. రేపు ఎవడన్నా శ్రీకాకుళం జిల్లా అట్రాసిటీల లెక్క తీస్తే లక్ష్మీపేట అందులో ఉంటుందా, విజయనగరం లెక్కలో చేరుతుందా, రెండింటి మధ్యా జారిపోతుందా? గీత మారినచోట ఫైలు కూడా మారుతుంది. ఫైలు మారేచోట మనవాళ్ల ఫైలే ముందు పోతుంది, ఇది మనం ఎరిగిన సంగతి.

అందుకని పేరు కోసం ఎంత పట్టుబట్టాలో, పని కోసం కూడా అంతే పట్టుబట్టాలి. అట్రాసిటీ చట్టం కింద 1995లో చేసిన నియమాల ప్రకారం ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన నిఘా, పర్యవేక్షణ సంఘం ఉండాలి. మూడు నెలలకొకసారి కూర్చోవాలి. జిల్లాలు 13 ఉన్నప్పుడు ఏడాదికి 52 సమావేశాలు. 26 అయితే 104. జిల్లాలు పెంచడం పాలనని దగ్గర చెయ్యడానికే అన్నారు గదా, ఈ 104 సమావేశాల మినిట్స్ చూపించమని అడుగుదాం. అంబేద్కర్ పేరున్న జిల్లాలో ముందు అడుగుదాం.

చివరిగా మన కాళ్ల కింద నేల మాట. ఉక్కు ఫ్యాక్టరీ కోసం అరవైకి పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. 1966 ఉద్యమంలో ప్రాణాలు పోయాక, 1971 జనవరిలో ఇందిరాగాంధీ పునాదిరాయి వేసిన ఫ్యాక్టరీ అది. ఆ ఊళ్ల స్థానంలో ఉక్కునగరంలో సెక్టార్లు వచ్చాయి, వాటికి నంబర్లు. ఊరు పోయినవాళ్లకి ఆర్-కార్డు ఇచ్చారు, దానికీ నంబరే. ఆ ఊళ్లలో మన పేటలుండేవి, వాటికి పేర్లుండేవి. రెవెన్యూ రికార్డులో చాలాచోట్ల ఊరి పేరే ఉంటుంది, పేట పేరు ఉండదు. అది ముసలివాళ్ల నోట్లో మాత్రమే ఉంది.

కాబట్టి వచ్చే తరగతికి ప్రతి ఒక్కరూ ఒక కాగితం తేవాలి. మీ తాత పుట్టిన పేట పేరు, ఆ పేరు ఎలా వచ్చిందని చెబుతారో, ఊరి నుంచి అది ఏ దిక్కున ఉండేదో, అప్పుడు ఏ తాలూకా, ఇప్పుడు ఏ మండలం, ఏ జిల్లా. రాయడం రానివాళ్లు పక్కవాళ్లతో రాయించండి. పోర్టు షిఫ్టు ఉన్నవాళ్లు ఆదివారం సాయంత్రం తెచ్చి ఇచ్చినా తీసుకుంటాం.