పూజాగదిలోని పాత పటములు



నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో పాత యిండ్లు విప్పునప్పుడు పూజాగది గోడనుండి దిగు పటములను కొందఱు వెదకికొని వచ్చి కొనుచున్నారు. ఇది రవివర్మ చేతి బొమ్మ యని యింటివారందురు. వట్టి కాగితమని బేరగాడనును. ఈ రెండు మాటలును నమ్మదగినవి కావు.

రవివర్మ చిత్రించినది బట్టమీది తైలచిత్రము. దానిని చూచి, రంగున కొక రాయి చొప్పున శిలలమీద గీసి కాగితమున కద్దినది మన యిండ్లకు వచ్చిన పటము. ఆయన 1894లో బొంబాయిలో అచ్చుకూటము పెట్టెను. 1899లో అది లోణావళా సమీపమున నున్న మళవలికి తరలెను. కొలది యేండ్లకే ష్లైఖరను జర్మను దొర వశమయ్యెను. 1906లో చిత్రకారుడు గతించినను అచ్చు ఆగలేదు. కావున బొమ్మ మూలనున్న సంతకమును, సంవత్సరమును చూచి పటము వయస్సు నిర్ణయింపరాదు. అవి మూలచిత్రమునుండి దిగినవి. అడుగు అంచున నుండు అచ్చుకూటపు పేరే సాక్ష్యము. కార్లా, లోణావళా యని యున్నచో అది బొంబాయి నాటిది కాదు. పటములు కట్టువారు చట్రమునకు చాలదని ఆ అంచునే కోసివేయుట మన దురదృష్టము.

అంచు లేనిచో భూతద్దము పట్టి చూడుడు. రాతి అచ్చులో చుక్కలు చేతితో పెట్టినవి. పెద్దవి, చిన్నవి కలసి చెదరియుండును. సైనికులవలె వరుసలు తీరియున్నచో అది తరువాతి యంత్రపు పని.

ఇక మూలమునకు ఎంత దగ్గఱ యనుట వేఱు ప్రశ్న. పటము పాతదైనంత మాత్రమున సరియైనది కానేరదు. రాళ్లు కుదురక పెదవి యెఱుపు చెక్కిలికి ప్రాకిన పటములను నేను చూచితిని. వార్నీషు పచ్చబడుటచే సరస్వతి తెల్లచీర కావిరంగు దాల్చును. నీలము ఆకుపచ్చగా తోచును. ఆ రంగులను చిత్రకారునికి అంటగట్టరాదు. రాతిమీద ఉన్నదున్నట్లు గీసినచో అచ్చులో కుడియెడమలు తారుమాఱగును. ఒక పటమును చూచి మఱొకరు తీసిన నకళ్లలో ఈ పొరపాటునకు అవకాశము మెండు. కుడిచేత మీటవలసిన వీణను దేవి యెడమచేత మీటుచున్నచో సందేహింపుడు. బట్ట, జరీ, చమ్కీ అంటించిన పటములు ముద్దుగనే యుండును గాని, ఆ యలంకారము ఇంటి ఆడువారిదో, అంగడివానిదో. దాని క్రింది గీత కనబడదు.

అమ్మదలచినను, దాచుకొనదలచినను తడిగుడ్డతో తుడువకుడు. కాగితము ఉబ్బి రంగు లేచును. ముందుగా వెనుకపలకను మెల్లగా విప్పి చూడుడు. ఒక్కొక్కచోట అంచును కోయక లోపలికి మడిచియుందురు.