పాత వరి దాచిన బలం



డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియాను తలచుకునే సభలో వరి విత్తనాన్ని మించిన విషయం లేదు. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకుడిగా పనిచేసిన ఆయన, 1970లలో ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచి 17 వేలకు మించిన వరి నమూనాలను సేకరింపజేశారు. ఏదో ఒక గుణం ఉండబట్టే పాత రకాలు రైతుల గాదెల్లో తరాలపాటు నిలిచాయని ఆయన నమ్మకం. బెట్టను తట్టుకునే వరి చరిత్ర ఆ నమ్మకానికి గట్టి సాక్ష్యం.

కథ పొట్టి వరితో మొదలవుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్8ను విడుదల చేసింది. ఇండోనేషియా పొడుగు రకం పేటాను తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌తో సంకరపరిస్తే వచ్చిన వంగడమిది. పాత పొడుగు రకాలకు ఎరువు దండిగా వేస్తే చేను పడిపోయేది. ఐఆర్8 మాత్రం బరువైన కంకులతో నిటారుగా నిలబడింది. ఆ పొట్టితనం ఒకటో క్రోమోజోమ్‌పై ఉన్న ఎస్‌డి1 అనే జన్యువు చలవే. ఆ తరువాత వచ్చిన వంగడాల్లో ఎక్కువ భాగం పొట్టివే. కోట్లమంది ఆకలి తీర్చిన పని అది. అయితే ఆ ఎంపిక ఎక్కువగా నీరు నిండిన మళ్లలోనే జరిగింది.

వరికి బెట్ట ఎప్పుడు తగిలిందన్నది ముఖ్యం. పిలకలు వేసేటప్పుడు కొన్నాళ్లు వాన మొహం చాటేసినా పైరు కోలుకోగలదు. పొట్ట దశలోనో, ఈనే వేళలోనో తడి అందకపోతే వెన్ను పూర్తిగా బయటకు రాదు, పుప్పొడి చచ్చుబడుతుంది, గింజలు తాలు పోతాయి. 2002 జులైలో దేశంలో కురవాల్సిన వానలో దాదాపు సగమే కురిసింది. ముందటేడు సుమారు 9.3 కోట్ల టన్నులున్న బియ్యం ఉత్పత్తి ఆ ఏడు 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది.

బెట్టలో దిగుబడి ఏడాదికో తీరుగా ఉంటుందనీ, దాన్ని చూసి మొక్కను ఎంచలేమనీ శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. అందుకే ఆకు చుట్టుకునే తీరునూ వేరు పొడవునూ కొలుస్తూ వచ్చారు. 2000 తరువాత గ్యారీ ఆట్లిన్, అరవింద్ కుమార్ వంటి వరి శాస్త్రవేత్తలు దారి మార్చారు. సరిగ్గా ఈనే వేళకు మడికి నీరు ఆపి, ఆ కష్టంలో ఏ మొక్క గింజ ఇస్తే దాన్నే ఎంచారు. అలా ఎంచిన ఒక సంతతి జార్ఖండ్‌లోని హజారీబాగ్ వరి పరిశోధన కేంద్రం నుంచి 2010లో ‘సహభాగీ ధాన్’ పేరుతో రైతులకు అందింది.

జన్యుపటంపై అసలు విశేషం 2011లో బయటపడింది. ఉత్తరప్రదేశ్‌కు చెందిన నగీనా 22 అనే పొడుగు వరిని స్వర్ణ, ఐఆర్64, ఎంటీయూ 1010 అనే పొట్టి వంగడాలతో విడివిడిగా సంకరపరిచారు. వీటిలో స్వర్ణ, ఎంటీయూ 1010 పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టినవే. మూడు సంకరాల్లోనూ బెట్టలో గింజ దిగుబడిని పెంచే భాగం ఒక్కచోటే దొరికింది.

అది ఎక్కడుంది? ఒకటో క్రోమోజోమ్‌పై, ఎస్‌డి1 పక్కనే!

పక్కపక్కనున్న జన్యువులు ఎక్కువసార్లు కలిసే తరం దాటుతాయి. పాత రకాల్లో పొడుగుతనం, బెట్టను ఓర్చే గుణం జంటగా నడిచాయి. పొడుగు వద్దని తీసేసినప్పుడు, దాన్ని అంటిపెట్టుకున్న ఓర్పూ పోయింది. 2015లో పరిశోధకులు ఈ సంగతి తేల్చారు. అంతేకాదు, ఆ జంటను విడదీసి, పొట్టిగా ఉంటూనే బెట్టను ఓర్చే మొక్కలను ఎంచి చూపారు.

వేళ్లదీ ఇలాంటి కథే. ఫిలిప్పీన్స్ మెట్ట వరి కినాండాంగ్ పటోంగ్‌లోని డీఆర్ఓ1 జన్యువు వేళ్లను నిలువుగా లోతుకు పంపుతుంది. ఐఆర్64లో అదే జన్యువులో ఒక్క అక్షరం తప్పిపోవడంతో వేళ్లు పైపొరల్లోనే పరుచుకుంటాయి. జపాన్‌కు చెందిన యుసాకు ఉగా బృందం 2013లో మెట్ట వరి జన్యువును ఐఆర్64కు చేర్చింది. వేళ్లు లోతుకు దిగాయి, బెట్టలో దిగుబడి పెరిగింది.

ఇలాంటి చేర్పులు పొలానికీ వచ్చాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ ద్వారా 2014లో వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 42, రెండు, నాలుగు క్రోమోజోమ్‌లపై బెట్టను ఓర్చే భాగాలు చేర్చిన ఐఆర్64 రూపమే. 2025 మేలో జన్యు సవరణతో మలచిన ఎంటీయూ 1010ను ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’గా ప్రకటించారు. అందులో సవరించిన డీఎస్‌టీ జన్యువు పనిచేయకపోతే ఆకు రంధ్రాలు మూసుకుని నీటి నష్టం తగ్గుతుందని చైనా పరిశోధకులు 2009లోనే చూపారు. ఈ కొత్త రకానికి అసలు పరీక్ష వానలేని ఏడు రైతు పొలంలో జరగాలి.

నగీనా 22, కినాండాంగ్ పటోంగ్ ఎవరో దాచబట్టే శాస్త్రానికి దొరికాయి. ఈ సభలోని వారికి ఒక విన్నపం: మీ ఊళ్లో, మీ బంధువుల ఇళ్లలో పాత మెట్ట వరి ఇంకా మిగిలి ఉంటే, గుప్పెడు గింజలు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యు వనరుల కేంద్రానికి చేర్చండి. రకం పేరు, ఊరి పేరు, అది ఏ కరవుకు నిలిచిందో పెద్దవాళ్లను అడిగి రాసి జతచేయండి.