మన గురించి రాసిన లెక్కలు, మనం పాడుకున్న పాటలు

(కల్లూరులో జరిగిన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



గిట్టుబాటు ధర గురించి కాకుండా మానవశాస్త్రం, కవిత్వం గురించి మాట్లాడమని సంఘం నాకు చెప్పింది. హైస్కూలు చదువుతో ఆపేసిన సేద్యగానికి ఇదేం పని అని కొందరికి అనిపించొచ్చు. కానీ ఈ రెండూ మన పొలం గట్టు దగ్గరికే వస్తాయి. మానవశాస్త్రం అంటే మనుషులను చూసి, అడిగి, వాళ్ల గురించి రాసే చదువు. కవిత్వం అంటే ఆ మనుషులు తమ కష్టం తామే చెప్పుకునే మాట. మన సీమలో రాసే పని చాలాకాలం సర్కారు చేతిలో ఉండింది. చెప్పుకునే పని జనం నోట్లో ఉండింది.

1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అప్పట్నుంచి మన పేరు దత్త మండలాలు. ఒకరు ఇంకొకరికి ఇచ్చిన వస్తువు పేరు అది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు పెట్టేదాకా ఆ పేరే మోశాం. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి పొలాలు కొలిపించి, రైతు పేరు మీద శిస్తు కట్టాడు. లెక్కలో పేరుంటేనే రైతు అనే పద్ధతికి వేరు అక్కడిదాకా పోతుంది.

ఆ లెక్క మనుషుల కడుపు మీదికి కూడా వచ్చింది. 1876లో ధాత కరువు పడింది. కరువు పనుల ఖర్చు తగ్గించడానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పొద్దస్తమానం రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. మన లెక్కలో అర కిలో కూడా కాదు. మద్రాసు సర్కారులోనే డాక్టరు కార్నిష్, ఈ కూలితో మనుషులు బతకరని రాసి పోట్లాడాడు. తర్వాత కూలి కొంత పెంచారు. అప్పటికే జనం రాలిపోయారు. 1871 జనాభా లెక్కలో కర్నూలు జిల్లా జనం 9 లక్షల 14 వేలు. 1881లో 6 లక్షల 78 వేలు. నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. అంకె మిగిలింది, పేర్లు మిగల్లేదు.

పేరు మిగిల్చిన చోట పాటే మిగిల్చింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరితీసి, జనం భయపడాలని తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. దాన్ని ఏండ్ల తరబడి దించలేదు. సర్కారు కాగితాల్లో ఆయన తిరుగుబాటుదారు. రేనాడులో బిచ్చగాళ్లు, కోలాటం వేసే వాళ్లు ఆయన్ని పాటలో బతికించారు. ఆ వీరగాథలను తంగిరాల వెంకట సుబ్బారావు గారు తర్వాత సేకరించారు. అయితే పాట కూడా అందర్నీ మోయలేదు. నాయకుని పేరు మోసినంతగా వెంట నడిచిన పేదల పేర్లు మోయదు. అది కూడా మనం గుర్తుపెట్టుకోవాల.

ఇప్పుడు ఎరుకల వాళ్ల సంగతి చెప్తా. ఒకప్పుడు వాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊర్లలో అమ్మి, ధాన్యం తీసుకుపోయేవాళ్లు. మన ఇంటి కుండలోకి, మన పశువులకు ఉప్పు తెచ్చింది వాళ్లే. కంపెనీ సర్కారు ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత రైలు వచ్చింది. వాళ్ల బేరం పోయింది. తిరిగి బతికే మనుషుల బతుకు తీసేసి, తిరుగుతున్నారు కాబట్టి దొంగలే అన్నారు. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రంలో గట్టిగా అమలు చేశారు. వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే అనుమతి. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే.

అదే కాలంలో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి అనే ఆయన సాయంతో, దక్షిణాది కులాల మీద 7 సంపుటాలు రాశాడు. 1909లో వచ్చాయి. మనుషుల తల చుట్టూ, ముక్కు వెడల్పూ కొలిచి రాశాడు. ముక్కు కొలిచిన ఆ చదువు, ఉప్పు బేరం ఎందుకు పోయిందని అడిగి ఉంటే ఇంకో పుస్తకం అయ్యుండేది. రాసిన తెల్లవాళ్లందరూ ఒకటే అనను. కడపలో ఉండి సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు వెతికి అచ్చేయించాడు. ఆ మేలు మరువకూడదు.

మన వాళ్లు మనకే చేసిన హింస గురించి కూడా చెప్పాల. 1941లో జాషువా గారు గబ్బిలం రాశారు. గుడిలోకి రానీయని మనిషి తన బాధను గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి చెప్పి పంపుతాడు. ఎందుకు గబ్బిలం? గుడిలోకి దానికి అడ్డం లేదు, మనిషికి ఉంది. ఆ అడ్డం తెల్లవాడు కట్టింది కాదు. నేరస్థ జాతుల చట్టం 1952లో పోయింది. కానీ ఈరోజుకీ ఊర్లో మోటారు పోతే ముందు ఎవరి గుడిసె గుర్తొస్తుందో ఎవరికి వాళ్లు ఆలోచించుకోండి.

ఇక మన సొంత కాగితం సంగతి. రైతు ఆత్మహత్య చేసుకుంటే విచారించడానికి 2004లో 421 జీవో వచ్చింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుడు కలిసి చూస్తారు. పాసుబుక్కు ఏది, అప్పు పత్రం ఏది అని అడుగుతారు. గుత్తకు చేసిన వాని దగ్గర పాసుబుక్కు ఎట్లుంటుంది? 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డు కావాలంటే భూమి యజమాని 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాల. భూమి పోతుందేమోనని చాలామంది పెట్టరు. వడ్డీకిచ్చిన వాడు తెల్ల కాగితం మీద వేలిముద్ర తీసుకుంటాడు తప్ప నకలు ఇయ్యడు. చివరికి కాగితంలో కుటుంబ కలహం అని, కడుపునొప్పి అని పడుతుంది. మళ్లీ అదే కథ. చచ్చిపోయినోడు లెక్కలో రైతు కాకుండా పోతాడు. ఆ ఇంటి ఆడమనిషి చేతికి అప్పు మాత్రం వస్తుంది.

అందుకే సంఘం ముందు మూడు పనులు పెడుతున్నా.

ఒకటి, ఊరికొక నోటుబుక్కు పెట్టండి. ఎవరు ఎన్ని ఎకరాలు గుత్తకు చేస్తున్నారు, గుత్త ఎంత, అప్పు ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెచ్చారు, పంట ఏ ధరకు పోయింది, అన్నీ ఆ ఏడాదే రాయండి. మనిషి పోయినాక సాక్ష్యం వెతకడం కష్టం. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. ఇంటి అప్పు మొగుని కంటే వాళ్లకే బాగా తెలుసు.

రెండు, కలుపు తీసేటప్పుడు పాడే పాటలు, కరువు పాటలు ముసలివాళ్ల దగ్గర ఉన్నాయి. ఫోన్లో రికార్డు చేయండి. వాళ్లను అడిగే చేయండి, పాడినామె పేరు రాయండి. పేరు లేని లెక్క మనకు వద్దని ఇప్పటిదాకా చెప్పుకున్నాం కదా.

మూడు, ఎరుకల వాళ్లు, సుగాలీలు, చెంచులు ఉన్నచోటికి పోయి వాళ్లను సంఘంలోకి పిలవండి. వాళ్లలో సేద్యం చేసేవాళ్లున్నారు, కూలికి పోయేవాళ్లున్నారు. వాళ్ల గురించి మనం రాయడం కాదు, వాళ్లు చెప్పింది చెప్పినట్లు ఈ పత్రికలో రావాల.

వచ్చే నెల సభకు ప్రతి ఊరి నోటుబుక్కులో కనీసం పది ఇండ్ల వివరం రాసుకొని రండి. విత్తనాల పని మొదలు కాకముందే ఇది అయిపోవాల. సెలవు.