వంకల ముంపునేలకు పటము కావలెను

(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



రాయలసీమవారమగు మనము నీరు లేదని అర్జీలు వ్రాయుటలో ఆరితేఱినవారము. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో మన పెద్దలు కృష్ణా తుంగభద్రా జలములలో ఈ సీమకు ముందు హక్కు కోరిరి. ఆ మాట నేటికిని సభలలో వినబడుచున్నది, వినబడవలసినదే. కాని ఒక్క రాత్రిలో వచ్చిపడు నీటికి ఊరిలో చోటెక్కడ అని అడిగిన అర్జీ మా కంటబడలేదు. కరవుసీమలో వరద చర్చ యేమని నవ్వువారును గలరు.

వారికి మా సమాధానము బుగ్గవంక. పాలకొండలలో పుట్టి, కడప పట్టణము నడుమ పాఱి, పెన్నలో గలయు ఈ వంక సంవత్సరములో అధికభాగము మురుగుకాలువవలె నుండును. 2001 అక్టోబరులో అదియే పట్టణమును ముంచెను. ఇరుప్రక్కల గోడలు కట్టుటకు పూనుకొన్న పిమ్మటను, 2020 నవంబరులో నివర్ తుపానునాడు మరల ఇండ్లలోనికి వచ్చెను. మెట్టసీమ వంకల గుణమే యిది. ఏండ్లతరబడి ఎండియుండును, కొండవాలున కురిసిన వాన కొన్ని గంటలలోనే దిగివచ్చును. పెద్దనది యొడ్డున నుండువాడు ఏటేట వరద చూచి జాగ్రత్త నేర్చుకొనును. వంకయొడ్డువాడు నేర్చుకొనులోపల తరము మాఱును. 1902 సెప్టెంబరులో కడప జిల్లా మంగపట్నము దగ్గఱ ఒక వాగు రైలువంతెనను కొనిపోగా మదరాసు మెయిలు అందులో గూలి పదులకొలది జనులు మడిసిరి. ఆ వాగు పేరు నేడు ఎందఱికి జ్ఞాపకమున్నది?

న్యాయవాదులమగు మాకు ఇందు కనబడు లోపము కాగితములలోనిది. వంకగర్భము సర్కారుదని 1905 నాటి భూ ఆక్రమణ చట్టము చెప్పుచున్నది. గ్రామపటమున వంక పోరంబోకునకు సర్వేనంబరును గలదు. అయితే ఆ గీత సర్వేదారు వచ్చిన దినమున వంక ఎంత వెడల్పున నుండెనో అంతవఱకే. పొంగినపుడు నీరు పరచుకొను నేల పట్టాభూమి; అడంగలులో మెట్ట అని యుండును. కొనువాడు లింకు దస్తావేజులు చూచును, ఈసీ తీయించును, వకీలు అభిప్రాయము పుచ్చుకొనును. అన్నియు సక్రమముగనే యుండును. ఇన్ని కాగితములలో ఈ స్థలమున నీరు ఎంత యెత్తు వచ్చెనో చెప్పునది ఒక్కటియు లేదు. అప్పు చేసి ఇల్లు కట్టినవాడు ఆ సంగతి నడుమలోతు నీటిలో నిలిచి తెలిసికొనును.

కర్నూలు సంగతి మఱింత చిక్కు. తుంగభద్రలో హంద్రి కలియు మూలనే ఆ నగరము వెలసినది. 2009 అక్టోబరు 2 నాడు ఆ రెండును పొంగెను. దిగువనున్న శ్రీశైలము ఆనకట్ట 19 లక్షల క్యూసెక్కులకు కట్టబడగా 25 లక్షలకు మించి వచ్చెను. జలాశయపు నిండుమట్టము 885 అడుగులైతే నీరు 896 వఱకు ఎక్కెను. ముందుకు పోవు దారి మూసికొనగా హంద్రి నీరు ఊరిమీదికే తిరుగవలసివచ్చెను. కావున వంక పటము వంకతో ముగియరాదు. అది కలియు నది నిండియున్నపుడు ఎంతవఱకు వెనుకకు తన్నునో అదియు గీయవలెను.

పటము గీయుట అసాధ్యమైన పనియా? కాదు. నేల యెత్తుపల్లములు కొలుచు యంత్రములు గలవు; హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము ఉపగ్రహ చిత్రములను ఇచ్చుచున్నది. అయితే చిన్న వంక వరద ఒక పూటలో వచ్చి పోవును. ఉపగ్రహము వచ్చుసరికి బురద మాత్రమే మిగులును. అందుచేత గోడమీది చార, ముసలివారి సాక్ష్యము ఇక్కడ అమూల్యములు. వానిని మట్టములతో సరిచూచి, వాన లెక్కను జోడించి, నూఱేండ్ల వరద గీతను గీయవలెను. నూఱేండ్ల వరద యనగా నూఱేండ్లకొకసారి వచ్చునదని పలువురు పొరబడుదురు. ఏ యేటనైనను నూటికొకపాలు రాగలదని దాని యర్థము. ముప్పదియేండ్లు నిలుచు ఇంటికి ఆ వరద తగులుటకు ఇంచుమించు నాల్గవవంతు అవకాశము గలదు. ఇంత ప్రమాదమున్న స్థలమును తెలిసి ఎవడు కొనును?

గోడలు చాలవా యని కొందఱందురు. పట్టణము నడుమ గోడ తప్పకపోవచ్చును. కాని గోడ నీటిని తగ్గింపదు. ఇఱుకున వేగముగ త్రోసి దిగువవారికి అప్పగించును. ఆనకట్టలమాట యందుమా, 2021 నవంబరు 19 నాడు చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పులపత్తూరు, మందపల్లి గ్రామములను ముంచివేసెను. కట్ట తెగిన నీరు ఎన్ని నిమిషములలో ఏ యూరు చేరునో తెలుపు పటము ప్రతి పంచాయతీ గోడమీదను ఉండవలెను. 1369 లో పోరుమామిళ్ల చెఱువు కట్టించిన భాస్కర భవదూరుడు మంచి చెఱువు లక్షణములను, దోషములను రాతిపై చెక్కించి అందఱికి కనబడునట్లు నిలిపెను. మన వరదలెక్కలు కార్యాలయపు బీరువాలలో నుండుటేల?

ముంపునేలలను మండలములుగ విభజించి కట్టడములను నియమించు మాదిరి బిల్లును కేంద్రము 1975 లోనే రాష్ట్రములకు పంపెను. మణిపురము, రాజస్థానము, ఉత్తరాఖండము మున్నగు కొలది రాష్ట్రములే దానిని చట్టము చేసికొనినవి. స్థలముల ధర పడునని జంకువారు బలవంతులు. ఆ జంకే అడ్డుగోడ. మాకు వేఱొక భయము గలదు. పటము వచ్చిన మఱునాడే వంకయొడ్డు గుడిసెలమీదికి యంత్రములను పంపి, ఎగువన పోరంబోకు పూడ్చి లేఅవుటు వేసినవానిని విడిచిపెట్టుదురేమో యని. కూలివాడు పనికి దగ్గఱయని, అద్దె లేదని అక్కడ చేరెను. వానికి మెఱకను స్థలము చూపి పట్టా చేతికిచ్చిన తరువాతనే గుడిసె కదల్పవలెను. ఈ క్రమము తప్పినచో కోర్టులో వాని పక్షమున నిలుచువారము మేమే.

సర్కారు కదలువఱకు కూర్చుండ నక్కఱలేదు. ఈ మందిరమున ఒక పుస్తకము ఉంచితిమి. మీ వీధిలో నీరు ఏ యేట, ఏ గడపవఱకు వచ్చెనో, ఎంతసేపు నిలిచెనో వ్రాయుడు. ఆదివారము ఉదయము వాలంటీర్లు టేపుతో బయలుదేఱి మిగిలిన చారలను కొలుతురు. గోడకు రంగు వేయింపదలచినవారు ఆ దినమువఱకు ఆగవలెనని కోరుచున్నాము.