కన్యాశుల్కం వేషాలకు మనవాళ్ళు
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో నాటక ఉపసంఘం తరఫున మాట్లాడినది)

పొదుపు లెక్క, బ్యాంకు లింకేజీ లెక్క, స్త్రీనిధి బకాయిల లెక్క అన్నీ పొద్దుట్నుంచి విన్నారు. భోజనాల్లోపల నాటకం సంగతి కూడా చెప్పెయ్యమని మమ్మల్ని లేపారు. ఉపసంఘంలో మేము ఐదుగురం. ఒకరు మాట్లాడుతున్నా ఐదుగురి మాటే అనుకోండి.

కన్యాశుల్కం మన విజయనగరంలో పుట్టిన నాటకం. గురజాడ అప్పారావు గారు రాశారు. 1892లో విజయనగరంలోనే మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. తర్వాత ఆయనే బాగా పెంచి, మార్చి, 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. మనం ఇప్పుడు చదివేది ఆ రెండోదే. మనలో చాలామందికి 1955లో వచ్చిన సినిమా తెలుసు. అందులో గిరీశం ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి. "అదా, తెలుసులే" అన్నవాళ్ళని కథ చెప్పమంటే మాత్రం గిరీశం దగ్గరే ఆగిపోయారు. అందుకని ఇక్కడ రెండు మాటల్లో చెప్తాం.

అగ్నిహోత్రావధాన్లు అనే ఆయనకి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది బుచ్చమ్మ, చిన్న వయసులోనే విధవై పుట్టింట్లో ఉంది. చిన్నది సుబ్బి, ఇంకా పసిగుంట. దాన్ని లుబ్ధావధాన్లు అనే పిసినారి ముసలాయనకి డబ్బు పుచ్చుకుని ఇవ్వడానికి తండ్రి ఒప్పేసుకున్నాడు. తల్లి వెంకమ్మ వద్దంటుంది. వినడు. ఆవిడ నూతిలో దూకేస్తుంది, బయటికి తీస్తారు. అప్పుడు వెంకమ్మ తోడబుట్టినవాడు కరటకశాస్త్రి ఒక ఎత్తు వేస్తాడు. తన శిష్యుడు మహేశానికి ఆడవేషం కట్టి, ఇది నా కూతురని చెప్పి, ముసలాయనకిచ్చి పెళ్ళి చేసేస్తాడు. పెళ్ళయ్యాక కుర్రాడు వేషం తీసేసి మాయమైపోతాడు. పెళ్ళికూతురు ఏదీ అంటే లేదు. ముసలాయన పెళ్ళాన్ని చంపేశాడని ఆయన మీద నేరం పడుతుంది. లేని పెళ్ళాన్ని చంపిన నేరం!

"ఇది నవ్వాలా, ఏడవాలా?" అని ఒక అప్ప అడిగింది. రెండూనూ. నవ్వుతుంటే మధ్యలో గొంతుకి ఏదో అడ్డం పడాలి. అలాంటి నాటకానికి మనుషుల్ని ఎంచడం చాలా కష్టమని మాకు మొదటి రోజే తెలిసిపోయింది.

ఇంకో అమ్మ, "అది బాపనోళ్ళ కత గదా, మనకేటి?" అంది. ఆవిడ వెనకాలే కూచున్న ముసలమ్మ, "మరి మా అమ్మకి ఓలి ఇచ్చేరు కాదేటి?" అంది. దాంతో ఆ ప్రశ్న అయిపోయింది.

పుస్తకం మొదటి ముద్రణకి గురజాడ గారు ఇంగ్లీషులో ముందుమాట రాశారు. అందులో ఒక లెక్కుంది. ఆనాటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితాని విజయనగరం మహారాజా గారు తీయించారు. మూడేళ్ళకి 1034 పెళ్ళిళ్ళు తేలాయి. అందులో 99 మంది పిల్లలకి ఐదేళ్ళు. 44 మందికి నాలుగు, 36 మందికి మూడు, ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. మా బుక్ కీపర్ ఈ అంకెలు చదివినప్పుడు హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇప్పటి లెక్క కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని తేలింది. అప్పుడు పిల్ల తండ్రి డబ్బు పుచ్చుకునేవాడు, ఇప్పుడు ఇస్తున్నాడు. ఇవ్వడానికి మన సంఘంలో అప్పు తీసుకుంటున్నాం. అందుకే ఈ నాటకం పట్టుకున్నాం.

ఇంక ఎంపిక సంగతి. మండల సమాఖ్య హాల్లో రెండు శనివారాలు పెట్టాం. మొదటి గంట తగువుతోనే సరిపోయింది. ప్రతి గ్రామ సంఘానికీ ఒక వేషం ఇవ్వాల్సిందేనని కొందరు పట్టుబట్టారు. శిక్షణలకి మనుషుల్ని పంపినట్టు ఊరికొకరిని పంపుతామంటే నాటకం నడవదు. వేషం ఎవరికి నప్పితే వాళ్ళకే అని తీర్మానం రాసి సంతకాలు పెట్టించాం. కోపం పోనివాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ సభలోనే ఉన్నారు. భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.

మనలో సగంమందికి పుస్తకం చదవడం కష్టం. పైగా అందులో సంస్కృతం, గిరీశం ఇంగ్లీషు. అందుకని బుక్ కీపర్ ఒక ముక్క గట్టిగా చదువుతుంది, వచ్చినవాళ్ళు దాన్ని వాళ్ళ నోటితో చెప్పాలి. అక్షరం తప్పకుండా చెప్పక్కర్లేదు. మనిషి దొరికిందా లేదా అన్నదే మేము చూసింది. మార్కులు చింతపిక్కలతో వేశాం, ఊళ్ళో పేదరిక విశ్లేషణ చేసినప్పుడు పెట్టినట్టే.

గిరీశం వేషానికి పన్నెండుమంది వచ్చారు. కొడుకుల ప్యాంట్లు, చలవ కళ్ళద్దాలు, ఒకావిడైతే మీసం కూడా గీసుకొచ్చింది. పదకొండుమంది మమ్మల్ని నవ్వించాలని చూశారు. పన్నెండో ఆవిడ సంతలో వాయిదాల మీద చీరలమ్మే మనిషి. ఆవిడ నవ్వించాలని చూడలేదు. చెప్పేది తనే నమ్ముతూ చెప్పింది. చీర రంగు పోదని మనకి చెప్పేటప్పుడు ఎలా చెప్తుందో అలాగే. గిరీశం అంటే అదే. తన కోతలు ముందు తనే నమ్ముతాడు. పిక్కలన్నీ ఆవిడకే పడ్డాయి.

గిరీశానికి చుట్ట ఉండాలి కదా. అక్కడో చర్చ. అడ్డపొగ అలవాటున్న ఒక పెద్దావిడ, "నిప్పు లోపలికెట్టి నలభై ఏళ్ళనుంచి కాలుస్తన్నాను, బైటికెట్టి కాలిస్తే అదేటి గొప్ప?" అని చూపించబోయింది. ఉపసంఘంలో ఉన్న ఆశా వర్కరు ఊరుకోలేదు. అడ్డపొగ వల్ల అంగిట్లో కేన్సరు వస్తుందని అక్కడికక్కడే క్లాసు చెప్పింది. పెద్దావిడ విన్నదో లేదో గానీ, స్టేజీ మీద చుట్ట వెలిగించకూడదని రాసుకున్నాం.

గురజాడ గారి రోజుల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారు. మనం మగవేషాలు కూడా కడుతున్నాం. చిక్కంతా మహేశం దగ్గర వచ్చింది. మన అమ్మాయి మగపిల్లాడవ్వాలి, ఆ మగపిల్లాడు మళ్ళీ ఆడపిల్లవ్వాలి. పంచె మీద చీర కట్టాలా, చీర మీద పంచె కట్టాలా అని ఆ అమ్మాయి అడిగితే పావుగంట మాకే తేలలేదు.

మధురవాణి వేషానికి ఒక్కరూ రాలేదు. భోగం మనిషి వేషం, ఊళ్ళో ఏమంటారు, ఇంట్లో ఏమంటారు. ఆ భయం మాకు తెలుసు, తేలిగ్గా కొట్టిపారెయ్యడం లేదు. కానీ నాటకంలో అందరికంటే తెలివైంది, ఆఖరికి అందరి లెక్కలూ తేల్చేది ఆవిడే. ఆవిడ కంటెని రామప్పపంతులు పెళ్ళికూతురి ఒంటిమీదకని పట్టుకెళ్తాడు. తిరిగి తెచ్చిమ్మని ఆవిడ ఆయన్ని నిలబెట్టి వాయిస్తుంది. ఆ ముక్క చదివితే వసూళ్ళ కమిటీ వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. "మన కమిటీలో ఏసుకోవల్సిన మనిషే!" అన్నారు. ఒకమ్మాయి చెయ్యి సగం ఎత్తింది కూడా. మర్నాడు వాళ్ళాయన ఆఫీసుకొచ్చాడు. ముందు కూచుని వినండి బాబూ అని ఆ రంగం చదివి వినిపించాం. బాగా నవ్వాడు. నవ్వి, టీ తాగి, "మా ఇంటావిడ మాత్రం ఒద్దండి" అని వెళ్ళిపోయాడు.

లుబ్ధావధాన్లు వేషం దొరికింది మాత్రం మేము అనుకోని చోట. డెబ్బై దగ్గర పడుతున్న ఒకమ్మ, వేలిముద్ర వేసే మనిషి, మనవరాలికి తోడొచ్చి వెనక గోడకి ఆనుకుని కూచుంది. పెళ్ళి బేరం ముక్క ఎవరు చెప్పినా చప్పగా ఉంటోంది. మూడోసారికి ఆవిడకి ఒళ్ళు మండి లేచింది. "బేరవంటే అలగటే? సంతలో పెయ్యని కొన్నేరా ఎప్పుడైనా?" అని, పిల్లగా నిలబడ్డ మహేశం చుట్టూ తిరిగింది. పళ్ళు చూపించమంది. నడిచి చూపించమంది. జబ్బ పట్టుకు నొక్కి చూసింది. ధర చెప్తే ఉమ్మేసి వెనక్కి తిరిగి, మూడడుగులు వేసి, మళ్ళీ వచ్చి సగానికి అడిగింది. మేము పడీపడీ నవ్వుతున్నాం. పుస్తకంలో ఇదేదీ లేదు, అయినా ఎవరికీ ఆపబుద్ధి కాలేదు. చీర చెంగు పట్టుకు నిలబడ్డ ఆ అమ్మాయి కూడా ముందు నవ్వింది. జబ్బ నొక్కేసరికి దాని మొహం మారిపోయింది. నవ్వులు ఒక్కొక్కటీ ఆగిపోయాయి.

"నన్నూ ఇలగే సూసేరు. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు" అని ముసలమ్మ మళ్ళీ వెళ్ళి గోడకి ఆనుకుని కూచుంది.

వేషం ఆవిడకే ఇచ్చాం. రోజూ మనవరాలు మాటలు చదివి చెప్తోంది, ఆవిడ పట్టేస్తోంది. గొర్రెల దొడ్డి దగ్గర కూడా లుబ్ధావధాన్లు మాటలే వినిపిస్తున్నాయట.

వెంకమ్మ సంగతి చెప్పి ముగిస్తాం. ఈ మాట సభలో చెప్పడానికి ఆ సభ్యురాలు ఒప్పుకుంది, పేరూ ఊరూ చెప్పొద్దంది. ఆవిడ వెంకమ్మ వేషానికి వచ్చింది. గొంతు బాగుంది, కళ్ళల్లో నిజం ఉంది. నూతి దగ్గరికి వెళ్ళే ముక్క వచ్చేసరికి ఆగిపోయింది. సిగ్గుపడుతోందనుకుని మళ్ళీ చెప్పమన్నాం. "నాను పడను" అంది. "పడితే పెళ్ళాగిందేటి? ఆవిడ్ని బైటికి తీసేరు, పెళ్ళి పెళ్ళిలాగే ఉంది. మొగుడు ఇనకపోతే నుయ్యేనా? ఎల్లి సెప్పుకోడానికి ఆవిడికి సంగం లేదు."

హాల్లో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆవిడే మళ్ళీ, "నాకుంది గదా" అంది.

అప్పుడు బయటపడింది. వాళ్ళమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. మాఘమాసానికి సంబంధం కుదిర్చారు. కట్నానికి చాలక సంఘంలో లోనుకి అర్జీ పెట్టించాడు భర్త, సంతకం ఈవిడది. అర్జీలో కారణం దగ్గర "పెళ్ళి ఖర్చు" అని ఉంది. ఎవరి పెళ్ళి, ఎన్నేళ్ళు అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

2006 చట్టం ప్రకారం ఆడపిల్లకి 18, మగపిల్లాడికి 21 నిండాలని మనందరికీ తెలుసు. 1098కి ఫోను చేయొచ్చనీ తెలుసు. ఆవిడ ఫోను వద్దంది. ముందు మీరు రండి, తర్వాత చూద్దాం అంది. ఆమె గ్రామ సంఘం నుంచి ముగ్గురు, మేమిద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. నాటకం మాట ఎత్తలేదు. అమ్మాయి పదో తరగతి మార్కుల మెమో అడిగాం, పుట్టిన తేదీ చూపించాం, ఈ అర్జీ మీద డబ్బు రాదని చెప్పాం. తండ్రి రెండు గంటలు అరిచాడు. మాట ఇచ్చేశాను, నా పరువేం కావాలి అన్నాడు. అగ్నిహోత్రావధాన్లు మాట కూడా సరిగ్గా అదే! మాలో ఒకరికి ఆ అదను కాని అదనులో నవ్వొచ్చి, మంచినీళ్ళు తాగే వంకన పెరట్లోకి వెళ్ళాల్సొచ్చింది.

మాఘం వెళ్ళిపోయింది. అమ్మాయి కాలేజీకి వెళ్తోంది. మగపెళ్ళివారు ఆగుతామన్నారో మానేశారో ఇంకా తేలలేదు. తండ్రి మాతో మాట్లాడటం లేదు. అర్జీ వెనక్కి ఇచ్చేశాం.

దీని మీద కార్యవర్గం తీర్మానం చేసింది, నివేదికలో ఉంది, ఊళ్ళకి వెళ్ళాక చదివి వినిపించండి. ఇకనుంచి పెళ్ళి ఖర్చుకని ఏ సంఘంలో అర్జీ పెట్టినా పెళ్ళికూతురి పదో తరగతి మెమో గానీ, పుట్టిన తేదీ సర్టిఫికెట్ గానీ జత చెయ్యాలి. కొడుకు పెళ్ళికైనా సరే, కోడలి కాగితం కావాలి. దీనివల్ల మాకు లోన్లు ఆలస్యమవుతాయని ఇప్పటికే రెండు గ్రామ సంఘాల నుంచి ఫిర్యాదు వచ్చింది. అవుతాయి. బ్యాంకు వాళ్ళు అడిగితే ఎన్ని కాగితాలు తేవడం లేదు మనం?

వెంకమ్మ వేషం ఆవిడే వేస్తోంది. గురజాడ గారి మాట మార్చకూడదని నూతి ముక్క అలాగే ఉంచాం. రోజూ రిహార్సల్లో గొణుక్కుంటూనే దూకుతోంది.

రిహార్సళ్ళు ప్రతి శనివారం మధ్యాహ్నం రెండు గంటల నుంచి. చీరలు, పంచెలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. పొదుపు డబ్బు ఒక్క పైసా ముట్టుకోలేదు, టీ ఖర్చు ఉపసంఘానిదే. ఇంకా రెండు వేషాలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి సౌజన్యారావు పంతులు, ప్లీడరు. దానికి గట్టి గొంతున్న మనిషి కావాలి, నల్లకోటు మేము తెస్తాం. రెండోది మధురవాణి. ఆ చెయ్యి సగం ఎత్తిన అమ్మాయి ఇక్కడే ఎక్కడో కూచుంది. మిగతా సగం ఎత్తాలనిపిస్తే శనివారం రమ్మనండి. ఇంటాయన్ని కూడా తీసుకురావచ్చు, కుర్చీ వేస్తాం, టీ ఇస్తాం.