పని పేరు వేరైతే కూలి తగ్గాలా?

(స్త్రీ సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సమాన వేతనం అడిగినప్పుడల్లా మనకు ఎదురయ్యే జవాబు ఒకటుంది. "ఒకే పని చేస్తే ఒకే కూలి ఇస్తాం. కానీ ఆడవాళ్ళ పని వేరు, మగవాళ్ళ పని వేరు కదా!" వినడానికి న్యాయంగానే ఉంటుంది. మెలికంతా అక్కడే ఉంది. కూలి రేటు కట్టకముందే పనిని ఆడపని, మగపని అని విడగొట్టేశారు.

వరి పొలాన్నే చూడండి. నాట్లు, కలుపుతీత ఆడవాళ్ళవి. గట్లు చెక్కడం, మందు కొట్టడం, బస్తాలు మొయ్యడం మగవాళ్ళవి. బస్తా మోస్తే కష్టమైన పని అంటారు. పొద్దస్తమానం బురదలో నడుం వంచితే ఆడవాళ్ళకి ఓర్పెక్కువ అంటారు. పోనీ కండబలమే కొలబద్ద అనుకుందామా? దుక్కి అరక నుంచి ట్రాక్టరుకి మారాక ఒంటికి శ్రమ తగ్గింది. కానీ డ్రైవరు కూలి తగ్గలేదు, అది నైపుణ్యం అయింది. నాటు వేసే చేతి నేర్పు మాత్రం నైపుణ్యం కాలేదు.

చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 39(డి) అధికరణం సమాన పనికి సమాన వేతనమని ఆదేశించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951లో చేసిన 100వ ఒడంబడిక 'సమాన విలువ గల పని' అంది. 1958లో మన దేశం దాన్ని ఆమోదించింది కూడా. అయినా 1976 నాటి సమాన వేతన చట్టం 'అదే పని లేదా అదే స్వభావం గల పని' దగ్గరే ఆగిపోయింది. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా అక్కడే ఆగింది. నాటు పనినీ బస్తా పనినీ పక్కపక్కన పెట్టి విలువ కట్టే దారి అందులో లేదు.

అలాగని చట్టం దండగ అనుకోకండి. మెకినన్ మెకంజీ కంపెనీ మహిళా స్టెనోగ్రాఫర్లకు మగవారికన్నా తక్కువ జీతమిస్తూ, వీరి పని వేరని వాదించింది. ఆర్థిక ఇబ్బందులూ చెప్పుకుంది. 1987లో సుప్రీంకోర్టు రెండు వాదనలనూ తోసిపుచ్చింది. చిన్నచిన్న తేడాలు చూపి జీతం తగ్గించడం కుదరదంది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం ఆడా మగా ఇద్దరికీ ఒకే రేటు పెట్టింది. ఒకే రేటు సాధ్యం కాదన్న మాట అక్కడే తేలిపోయింది.

ఇక మనం చేయవలసింది. గ్రామాలకు వెళ్ళినప్పుడు కూలి ఎంత అని మాత్రమే రాసుకుని రాకండి. ఏ పని, ఎన్ని గంటలు, ఎంత నేర్పు, ఎంత శ్రమ, ఎంత అనుభవం, ఎంత బాధ్యత అన్నవి కూడా రాయండి. పనుల పోలికకు చట్టం చెప్పే కొలతలు ఈ చివరి నాలుగే. మగకూలీలతోనూ మాట్లాడండి. స్త్రీలకు పెంచడం కోసం మగవారి కూలి తగ్గించకూడదని చట్టంలోనే ఉందని వారికి చెప్పండి. ఆ లెక్కలు చేతిలో ఉంటే, 'సమాన విలువ' అన్న మాటను చట్టంలో చేర్చమని గట్టిగా అడగగలం.